ఈ వారం వినదగ్గది

ఆయన్ని ఆ వీధిలో అందరూ చెవిగారు అంటారు. ఎదురుగా అనరు లెండి, కానీ ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోతాడు కూడా. ముక్కును బట్టో నడకను బట్టో మనిషికి పేరు పెట్టడం లోకంలో ఉన్నదే. చెవులను బట్టి పెట్టారంటే అవి చేటలంతేసి ఉంటాయనుకునేరు. మామూలు చెవులే. కళ్ళజోడు కాడ ఒరుసుకుని ఎడమ చెవి మీద చిన్న మచ్చ పడింది, అంతకుమించి చూడ్డానికి వాటిలో ఏమీ లేదు.

ఆయనది రికార్డుల కొట్టు. మందుల షాపుకీ, తాళాలు బాగుచేసే అతని గదికీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. శాస్త్రీయ సంగీతం తప్ప అందులో మరొకటి దొరకదు. ఎవరైనా వచ్చి సినిమా పాటలు అడిగితే పక్కవీధి చూపిస్తాడు, చూపించే వేలికి కూడా కాస్త కోపం ఉంటుంది. గుమ్మం బయట ఒక నల్లబల్ల. దాని మీద పైన "ఈ వారం వినదగ్గది" అని రంగుతో రాయించాడు. ప్రతి శనివారం పొద్దున దాని కింద సుద్దముక్కతో ఒకే ఒక్క రికార్డు పేరు రాస్తాడు. రెండు రాయొచ్చు కదా అని అడిగినవాళ్ళకు, రెండు రాశానంటే ఏదీ సరిగ్గా వినలేదని అర్థం అని జవాబు చెప్పేవాడు.

వినడానికి ఆయనకో పద్ధతి ఉంది. కొత్త డిస్కులు రాగానే కొట్టు వెనకగదిలోకి తీసుకెళ్తాడు. అక్కడ ఒక పడక కుర్చీ, ఒక మిషను, రెండు స్పీకర్లు. కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా వింటాడు. మధ్యలో భార్య పిలిచినా, కొనేవాళ్ళు వచ్చి నిలబడినా లేవడు. సంగీతం ఆగిన మరుక్షణం మాత్రం చటుక్కున లేచి మిషను ఆపేస్తాడు. అయిపోయాక కూడా దాన్ని అలా తిరగనిస్తే విన్నది ఎంగిలి పడుతుందని ఆయన నమ్మకం. బాగున్నవి కళ్ళెదుటి అరలో పెడతాడు. అన్నిటికన్నా బాగున్నది బల్లెక్కుతుంది. మిగతావాటిని పల్లెత్తు మాట అనడు, మౌనంగా అడుగు అరలో సర్దేస్తాడు. అడుగు అర కోసం నడుం వంచే కొనుగోలుదారు ఇంతవరకూ పుట్టలేదని పాడేవాళ్ళకూ వాయించేవాళ్ళకూ బాగా తెలుసు.

ఆయన మాటకు ఆ ఊళ్ళో అంత విలువ. బల్ల మీద పేరు చూసి బ్యాంకు గుమాస్తా కొంటాడు, బస్సు డ్రైవరు కొంటాడు, మూలమీద బట్టలు కుట్టే టైలరమ్మ కొంటుంది. ఇంటికెళ్ళి విన్నాక నచ్చకపోతే అది తమ తప్పేననుకుంటారు. చెవిగారు బాగుందన్నదాన్ని బాగాలేదనడానికి ఎవరికి గుండె చాలుతుంది?

ఈ రెండేళ్ళలో బల్లెక్కిన వాటిని తలుచుకుంటే ఒక ముసలి గాయకుడి రికార్డు ముందు గుర్తొస్తుంది. ఖాళీ చేసిన గోదాములో ఒక్కడే కూర్చుని, శ్రుతి తప్ప మరే తోడూ లేకుండా, బావిలోంచి తోడినట్టుండే గొంతుతో పాడాడు. మధ్యమధ్య ఆయన కుర్చీ కిర్రుమనడం కూడా వినిపిస్తుంది, అదీ బాగానే ఉంటుంది. తర్వాత అన్నదమ్ములిద్దరు చెలోలనే మంద్రస్వరపు పెద్ద వయొలిన్లు రెండింటి మీద మాట్లాడుకుంటున్నట్టు వాయించినది. ఆ తర్వాత పదిమంది మగవాళ్ళు వాద్యాలేవీ లేకుండా గొంతులు కలిపి పాడినది. అబద్ధమెందుకు, మూడూ మంచివే, ఎవరైనా వెతుక్కుని వినదగ్గవే. కానీ పిల్లనగ్రోవి ఏమైపోయింది? వయొలిన్ ఏది? ఆడవాళ్ళ గొంతు బల్లెక్కి ఎన్నాళ్ళయింది?

ఈ మాట టైలరమ్మ ఒకసారి నవ్వుతూనే అడిగింది. తప్పంతా ఈ కాలపు రికార్డింగులదని ఆయన చెప్పాడు. వాయించినదాన్ని కంప్యూటర్లో పెట్టి గిన్నె తోమినట్టు తోమేస్తున్నారట, పై స్వరాల్లో ఉండాల్సిన మెరుపంతా అక్కడే పోతోందట. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఆయనకు రాక కాదు. సామెతలన్నీ పక్కవాడి కోసం పుట్టాయని మనందరం అనుకుంటాం, ఆయనా అలాగే అనుకున్నాడు.

భార్యకు మాత్రం అనుమానంగా ఉండేది. పొయ్యి మీద కెటిల్ ఈల వేసి వేసి నీళ్ళన్నీ ఇగిరిపోయినా ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటూ ఉండేవాడు. ఏదో ఆలోచనలో ఉన్నానని సర్దుకునేవాడు. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోకూడదా అని ఆవిడ మెల్లగా అంది. చేపపిల్లకు ఈత నేర్పుతావా అని ఆయన నవ్వేశాడు. ఆవిడ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఇంట్లో ఆయన చెవిని అనుమానించడం అలవాటు లేని పని.

ఆయనకు ఒక్కతే చెల్లెలు. రొట్టెల తయారీలో పని. కూతురి చిన్నప్పుడే మొగుడు పోతే, ఆ పిల్లను బడి వదలగానే అన్నయ్య కొట్లో కూర్చోబెట్టి పనికి పోయేది. ఆ పిల్ల కౌంటరు కింద అట్టపెట్టె మీద కూర్చుని పొద్దుపోయేదాకా వినేది. ఏ తీగ ఎక్కడ శ్రుతి తగ్గిందో పోల్చుకోవడం ఆయనే ఆటగా నేర్పాడు. తర్వాత వయొలిన్ పట్టింది. పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ, కచేరీల్లో వాళ్ళ వెనకా వీళ్ళ వెనకా కూర్చుని వాయిస్తూ ఇన్నేళ్ళు గడిపింది. ఇప్పటికి ఒక చిన్న కంపెనీవాళ్ళు ఆమె ఒక్కతే వాయించిన రికార్డు వేయడానికి ఒప్పుకున్నారు. ఆమె పాఠాలు చెప్పే బడికి సెలవులిచ్చినప్పుడు అక్కడి హాల్లో రికార్డు చేశారు. మొత్తం ఐదు రచనలు. చివరిది ఆమె సొంతంగా కట్టుకున్నది.

విడుదలకు ముందు వచ్చే నమూనా డిస్కు పట్టుకుని ఆ పిల్ల నేరుగా మామయ్య దగ్గరికే వచ్చింది. కళాకారుల ముందు అభిప్రాయం చెప్పకూడదని ఆయన నియమం. మేనకోడలి కోసం దాన్ని పక్కన పెట్టాడు. ఆమెను కొట్లో కూర్చోబెట్టి వెనకగదిలోకి వెళ్ళాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం వచ్చిన పిల్లలా తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఆయన బయటికి వచ్చి కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మొదటి నాలుగూ బాగున్నాయమ్మా. చివరిదే... గుమ్మం దాకా తీసుకొచ్చి మొహాన తలుపేశావు. పైకి వెళ్తున్నావు, వెళ్తున్నావు, ఇక అందుతుందనుకునేసరికి ఆగిపోయింది."

"చివరి స్వరం నిలవలేదంటారా మామయ్యా?"

"నిలవడం మాట అటుంచు. నా దాకా రాలేదు."

కమాను మరీ తేలిక చేశానేమో అని ఆమె తనలో తను అనుకుంది. సన్న తీగ మీద, ఒత్తిడి దాదాపు లేకుండా, స్వరాన్ని అలా పైకి పైకి పలచన చేసుకుంటూ పోయి గాల్లో కలిపేయాలని ఆమె ప్రయత్నం. అది కుదిరిందని హాల్లో ఉన్నవాళ్ళందరూ అన్నారు. అందరూ వేరు, మామయ్య వేరు. ఆమె ఎదురు చెప్పలేదు. పిల్ల అర్థం చేసుకుందని ఆయనకు తృప్తిగా కూడా అనిపించింది.

రెండు రోజుల తర్వాత చెల్లెలు కొట్టుకి వచ్చింది. పిండి అంటిన చేతులతోనే వచ్చింది. కూతురు ఆ ముగింపును తీసేస్తోందట. మళ్ళీ హాలుకి వెళ్ళి, స్వరం కిందికి దిగి లావు తీగ మీద గట్టిగా ముగిసేలా వాయించి ఇస్తానని కంపెనీకి చెప్పిందట. వాళ్ళు అచ్చుకు పంపడం ఆపి ఆమె మాట కోసం చూస్తున్నారట. ఆ ఒక్క స్వరం కోసం పిల్ల ఎన్నాళ్ళు గదిలో తలుపేసుకుని కూర్చుందో పక్కగదిలో ఉండి విన్నది తనేనని చెప్పింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు అన్నయ్యా. దాన్ని ఇంట్లోవాడే ఓడించాడు."

తను విన్నదే చెప్పానని, సొంతవాళ్ళయినంత మాత్రాన అబద్ధం చెప్పలేనని ఆయన అన్నాడు. చెల్లెలు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఫోను చేస్తే తీసి, ఆయన గొంతు వినగానే కూతురికి ఇచ్చేసేది.

మాట పడ్డవాడికి తన వైపు ఒక్కరైనా ఉండాలనిపిస్తుంది. ఆ శనివారం టైలరమ్మ రాగానే ఆయన నమూనా డిస్కు తీసి, ఇది విని నిజం చెప్పమ్మా అన్నాడు. ఎవరిదో చెప్పలేదు. చివరిది మధ్యలో తెగిపోయిందో లేదో తేల్చమన్నాడు. కొట్లో కొనేవాళ్ళు వినడానికి ఒక చిన్న మిషను, రెండు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. ఆవిడ ఒకటి పెట్టుకుంది, ఆయన ఒకటి. పక్కపక్కనే స్టూళ్ళ మీద కూర్చున్నారు.

స్వరం ఎక్కింది. ఆయనకు తెలిసిన చోటే సన్నబడింది, తెలిసిన చోటే ఆగిపోయింది. చూశావా అని ఆయన హెడ్‌ఫోను తీసి, మిషను ఆపడానికి చెయ్యి చాపాడు. ఆవిడ ఆ చేతిని పట్టుకుంది. కళ్ళు తెరవకుండానే రెండో చేత్తో ఉండండి అన్నట్టు సైగ చేసింది. సూదులు గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు ఆయన మణికట్టు మీద కదలకుండా ఉన్నాయి. మిషను మీద అంకెలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఆయన మళ్ళీ హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఆవిడ మొహంలో మాత్రం ఏదో జరుగుతోంది. కనుబొమలు కొంచెం కొంచెంగా పైకి లేస్తున్నాయి, ఊపిరి బిగపట్టింది. అంకెలు ఆగాకే ఆవిడ చేతిని వదిలింది.

"ఇంత సన్నగా ఎలా వాయించిందండీ ఈ అమ్మాయి? తెగిపోవడం ఏమిటి, చివరిదాకా దారంలా వస్తూనే ఉంది కదా."

ఆయనకు తల తీసేసినట్టయింది. అవునవును అని ఏదో గొణిగాడు. ఆవిడ వెళ్ళాక కొట్టు తలుపు దగ్గరగా వేసి, అదే మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. శబ్దం పెంచి పెట్టాడు. అంకెలు నడుస్తున్నాయి, చెవుల్లో నిశ్శబ్దం. తర్వాత నేల మీద చతికిలబడి అడుగు అరలోంచి ఒక్కొక్క డిస్కే బయటికి లాగాడు. పిల్లనగ్రోవి రికార్డు ఒకటి, వేటికీ ప్రాణం లేదని పక్కన పెట్టిన వయొలిన్లు మూడో నాలుగో, అప్పుడే పేరు తెచ్చుకుంటున్న ఒక గాయని మొదటి రికార్డు. ఆ అమ్మాయి ఒకసారి కొట్టుకి వచ్చి, బల్ల వైపు చూసి, ఏమీ అడగకుండా వెళ్ళిపోవడం ఆయనకు గుర్తొచ్చింది. అవన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. ఏది ముందొచ్చిందో ఆయనే చెప్పలేడు.

సోమవారం ఎవరికీ చెప్పకుండా చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. గాజు గదిలో కూర్చోబెట్టి, చేతికో మీట ఇచ్చి, శబ్దం వినబడ్డప్పుడల్లా నొక్కమన్నారు. మొదట్లో టకటకా నొక్కాడు. కొంతసేపయ్యాక నొక్కడానికి ఏమీ రాలేదు. బొటనవేలు మీట మీద పెట్టుకుని ఎదురుచూస్తూ ఉండిపోయాడు. ఎదుటి అద్దం అవతల నర్సు ఒకదాని తర్వాత ఒకటి శబ్దాలు పంపిస్తూనే ఉందని ఆమె చేతి కదలిక వల్ల తెలుస్తోంది. వయసుతో వచ్చేదేనని, పై స్వరాలు చాలావరకు పోయాయని, మాటలకు పరికరం సాయపడుతుంది గాని సంగీతానికి పూర్తిగా కాదని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. ఎన్నాళ్ళయి ఉంటుందని ఆయన అడిగాడు. కొన్నేళ్ళే అయి ఉండాలి అన్నాడు డాక్టరు.

ఇప్పుడు మింగలేడు, కక్కలేడు. చెప్పకపోతే ఏమవుతుంది? మేనకోడలు కొత్త ముగింపుతో రికార్డు తెస్తుంది. అదీ బాగానే ఉంటుంది, ఆ పిల్ల చెయ్యి ఆయనకు తెలుసు. ఆయనకు బాగా వినపడుతుంది కూడా. బల్ల మీద పేరు రాస్తాడు, ఊరు కొంటుంది, చెల్లెలు ఎప్పటికో మాట్లాడుతుంది. పాతది ఒకటి ఉండేదని ఎవరికీ గుర్తుండదు. చెబితే మాత్రం చెవిగారు అనే మాట రేపటి నుంచి వెక్కిరింత అవుతుంది. వినపడనివాడి కొట్లో రికార్డు ఎవడు కొంటాడు? ఇంత చెడ్డ ఆలోచన ఆ మంచి మనిషికి ఎలా వచ్చిందని మనం ఆశ్చర్యపోనక్కరలేదు. భయపడ్డవాడికి వచ్చే ఆలోచనలు అలాగే ఉంటాయి.

ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. కెటిల్ సంగతీ ఒప్పుకున్నాడు. నేను చెప్పలేదా అని ఆవిడ ఒక్క మాట అనలేదు, ఆ పుణ్యం ఆవిడకు దక్కాలి. కొట్టు గురించి ఆయన భయపడుతున్నదంతా విని, చేతిలో బట్ట మడత పెట్టడం పూర్తిచేసి అంది.

"కొట్టు మూతపడితే మూతపడుతుంది, ఏదో ఒకటి చేసుకుని బతుకుదాం. ఆ పిల్ల వాయించింది పోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తారు?"

మర్నాడు సాయంత్రం ఇద్దరూ చెల్లెలింటికి వెళ్ళారు. చెల్లెలు తలుపు తీసి, వదినను లోపలికి రమ్మంది, అన్నయ్యకు కుర్చీ మాత్రం చూపించింది. మేనకోడలు వచ్చి కూర్చుంది. కొత్త ముగింపు నిన్ననే రికార్డు చేశానని, రేపు కంపెనీకి ఒప్పుదల చెబితే అచ్చుకు వెళ్తుందని ముందుగా తనే చెప్పింది. మామయ్య సంతోషిస్తాడని చెప్పిన మాట అది. ఆమె కళ్ళ కింద నలుపు చూసేసరికి, ఆయన దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"పాతదే ఉంచమ్మా. నీ స్వరం నిలవకపోవడం కాదు. నాకే వినపడలేదు. డాక్టరు చూశాడు. పై స్వరాలు నాకు పోయాయి."

తర్వాత ఆయన మిగతాది కూడా చెప్పాడు, టైలరమ్మ తన చెయ్యి పట్టుకుని ఆపింది, గాజు గదిలో మీట నొక్కకుండా కూర్చున్నది, అడుగు అరలో తోసేసినవాళ్ళ సంగతి. వాళ్ళలో కొందరు మళ్ళీ రికార్డు చెయ్యలేదని, దానికి తనెంత కారణమో తెలుసుకునే దారి కూడా లేదని చెప్పాడు. రేపటి నుంచి కొట్టుకి వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ మాటే చెబుతానని, వాటన్నిటినీ కళ్ళెదుటి అరలోకి తెచ్చి, వినగలిగినవాళ్ళని కూర్చోబెట్టి వినిపిస్తానని అన్నాడు. చెల్లెలు కిటికీ వైపు తిరిగి నిలబడింది. కోపంగా ఉందో ఏడుస్తోందో వీపును బట్టి తెలియలేదు.

మేనకోడలు చాలాసేపు ఆయన చేతులనే చూస్తూ ఉంది. కొత్తది తనకు ఒక్కరోజు కూడా నచ్చలేదని, కానీ మామయ్య అన్నాక తన చెవినే తను నమ్మలేకపోయానని చెప్పింది. ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పింది, ఆయనకు అదే ఎక్కువ నొప్పి పెట్టింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళింది. వెళ్ళిపోయిందేమో, ఇక రాదేమో అని ఆయన అనుకున్నాడు. వయొలిన్ తీసుకుని వచ్చింది.

కుర్చీ ఆయనకు ఎదురుగా లాక్కుని కూర్చుని, తీగలు సరిచేసుకుని, చివరిది మొదటి నుంచీ ఎత్తుకుంది. కింది తీగల మీద ఉన్నంతసేపూ ఆయనకు ప్రతి స్వరమూ అందింది. ఎంత బాగా వాయిస్తోందో అని గర్వపడ్డాడు కూడా, ఆ పరిస్థితిలోనూ. స్వరం ఎక్కసాగింది. ఒక్కొక్క మెట్టే ఎక్కి, పలచబడి, ఆయనకు తెలిసిన ఆ చోటికి వచ్చింది. అక్కడితో ఆయనకు అయిపోయింది. ఎదురుగా కమాను మాత్రం తీగ మీద ఇంకా సాగుతోంది, ఎంత నెమ్మదిగా అంటే కదులుతోందో లేదో చూపు నిలిపితే గాని తెలియనంత నెమ్మదిగా. భార్య ఊపిరి బిగపట్టి వింటోంది. కిటికీ దగ్గర నుంచి చెల్లెలు వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఇంకా వస్తోందా?" అని ఆయన పెదవులతో మాత్రమే అడిగాడు.

చెల్లెలు వంగి ఆయన చెవి దగ్గర చెప్పింది.

"వస్తోంది అన్నయ్యా. ఇంకా వస్తూనే ఉంది."